రుడాల్ఫ్ విర్కో

బిడ్డను కని తొమ్మిది దినములైనది. జ్వరము లేదు, నొప్పి లేదు. తల్లి మంచము దిగి నాలుగడుగులు వేయును. అంతలో రొమ్ము పట్టుకొని, ఊపిరి యందక కూలిపోవును. వైద్యుడు వచ్చునప్పటికి ప్రాణము పోయియుండును. తొడయెముక విరిగి ఆరు వారములు మంచమున పడియుండి, నేడో రేపో ఇంటికి పోవలసిన కూలివానికిని ఇట్లే జరుగును. శస్త్రచికిత్స ముగిసి గాయము చక్కగా మానినవానికిని ఇట్లే జరుగును. 19వ శతాబ్దపు తొలి సగములో ఐరోపాఖండమునందలి పెద్ద ఆస్పత్రులలో ఇట్టి మరణములు తరచుగా కలుగుచుండెను. కారణము మాత్రము వైద్యులకు అంతుపట్టలేదు. శవమును కోసి చూచినచో ఊపిరితిత్తులకు రక్తమును కొనిపోవు ధమనిలో గట్టిపడిన నెత్తురు గడ్డ ఒకటి కనబడుచుండెను. అది అక్కడనే పుట్టినదని అందరును తలచిరి. అది అక్కడ పుట్టలేదనియు, ఎక్కడనో కాలి సిరలో పుట్టి ప్రయాణము చేసి వచ్చినదనియు నిరూపించినవాడు జర్మను వైద్యుడు రుడాల్ఫ్ విర్కో. ఆ పరిశోధన ప్రారంభించిన నాటికి ఆయనకు 25 ఏండ్లు నిండలేదు.

విర్కో 1821వ సంవత్సరము అక్టోబరు 13వ తేదీన పొమరేనియా సీమలోని షీవెల్‌బైన్ అను చిన్న పట్టణమున జన్మించెను. అది ఆనాడు ప్రష్యా రాజ్యములోనిది. నేడు పోలెండు దేశములో స్వీద్విన్ అను పేర నున్నది. తండ్రి కొద్దిపాటి సేద్యము చేయుచు, పట్టణపు కోశాధికారిగా నుండెను. ఒక్కడే కొడుకు. ఇంట కలిమి లేదు. బాలుడు చదువులో మిక్కిలి చురుకైనవాడు. మొదట క్రైస్తవ మతబోధకుడు కావలెనని తలచెను గాని, తన కంఠము అందుకు చాలదని ఆ ఆలోచన మానుకొనెను. తరువాత శాసనసభలలో ఆ కంఠమే మంత్రులను గడగడలాడించినది.

బెర్లిను నగరములో బీద విద్యార్థులకు ఉచితముగా వైద్యవిద్య నేర్పి, ప్రతిఫలముగా సైన్యములో కొన్ని సంవత్సరములు పని చేయించుకొను సంస్థ యొకటి యుండెను. 1839లో విర్కో అందు చేరి, 1843లో పట్టము పొందెను. పిమ్మట షారిటే అను ప్రసిద్ధమైన ఆస్పత్రిలో శవపరీక్షల శాలయందు ఫ్రోరీప్ అను వైద్యునికి సహాయకుడుగా చేరెను. శవముల నడుమ దినమంతయు గడుపు ఆ పనిని పెక్కుమంది యువకులు కోరరు. విర్కో కోరి చేరినట్లే పని చేసెను.

ఫ్రాన్సు దేశమున క్రువేయిల్యే అను వైద్యాచార్యుడు సమస్త వ్యాధులకును సిరల వాపే మూలమని చెప్పుచుండెను. ఆయన మాటకు ఆనాడు గొప్ప విలువ కలదు. ఆ సిద్ధాంతమును పరీక్షింపుమని ఫ్రోరీప్ తన సహాయకునికి అప్పగించెను. గురువులు శిష్యుల కిచ్చు పనులలో ఇంత ఫలించినవి అరుదు.

విర్కో శవముల సిరలను ఒక్కొక్కదానిని ఓపికతో చీల్చి చూచెను. ఊపిరితిత్తుల ధమనిలో గడ్డ యున్న చాలమంది శరీరములలో, కాలి సిరలయందో పొత్తికడుపు సిరలయందో మరియొక గడ్డ కనబడెను. ధమనిలోని గడ్డ చుట్టును గోడ వాయలేదు. అక్కడనే పుట్టినదైనచో గోడ చెడి యుండవలెను గదా! ఇక సిరలోని గడ్డ కొన త్రుంచినట్లుండెను. ఆ కొనను, ధమనిలోని గడ్డ కొనను చేర్చి చూచిన, విరిగిన కుండపెంకులవలె రెండును అతికినట్లుండెను.

ఇంతటితో తృప్తి పడక, అతడు కుక్కలపై ప్రయోగములు చేసెను. మెడలోని సిరను తెరచి చిన్న రబ్బరు ముక్కలను, మాంసపు తునకలను, నెత్తురు గడ్డలను అందులోనికి ప్రవేశపెట్టెను. కొంత కాలమైన తరువాత కోసి చూడగా, ఆ ముక్కలు ఊపిరితిత్తుల ధమని శాఖలలో చిక్కుకొని యుండెను. రబ్బరు కుక్క శరీరములో పుట్టునది కాదు. కనుక అది ప్రయాణము చేసి వచ్చినదనుటకు వేరు సాక్ష్యము అక్కరలేదు.

ఈ ప్రయాణము ఎట్లు జరుగును? కాలి సిరలు గుండె వైపు పోవుకొలది వెడల్పగుచుండును. కావున సిరలో విరిగిన గడ్డకు దారిలో అడ్డు లేదు. అది పెద్ద సిర ద్వారా గుండె కుడిభాగమును చేరి, అచ్చట నుండి పుపుస ధమనిలోనికి త్రోయబడును. ఆ ధమని చెట్టువలె కొమ్మలుగను, రెమ్మలుగను చీలి సన్నబడుచుండును. గడ్డకు మొదటి ఇరుకు అక్కడనే తగులును. వరదలో కొట్టుకొని వచ్చిన దుంగ పెద్ద కాలువలో ఎంత దూరమైనను పోవును. పిల్లకాలువ తూము దగ్గర అడ్డుపడును. తూము క్రింది పొలమునకు నీరు పారదు. అట్లే గడ్డ క్రిందనున్న ఊపిరితిత్తి భాగమునకు రక్తము అందదు. గడ్డ చిన్నదైనచో కొంచెము ఆయాసము, ప్రక్కపోటు కలుగును. పెద్దదైనచో గుండె ఆ అడ్డమును త్రోయలేక ఆగిపోవును.

విర్కో ఈ వ్యాధికి ఎంబాలిజము అను పేరు పెట్టెను. లోనికి త్రోయబడినది అను భావమునిచ్చు గ్రీకు ధాతువు నుండి ఆ మాట వచ్చినది. సిరలో గడ్డ కట్టుటకు థ్రాంబోసిస్ అను పేరును స్థిరపరచినవాడును ఆయనయే. రక్తము మందముగా పారుట, నాళపు గోడ దెబ్బతినుట, రక్తపు స్వభావము మారుట అను మూడును గడ్డకట్టుటకు కారణములని వైద్యవిద్యార్థులు నేటికిని ఆయన పేరుతోనే చదువుకొందురు. ఆ మూడింటిని ఒక సూత్రముగా కూర్చి ఆయన పేరు పెట్టినవారు మాత్రము తరువాతి తరములవారు.

ఆ ప్రయోగములలో ఆయన గమనించిన సంగతి మరియొకటి కలదు. రక్తము ఆగిన చోట అవయవము కుళ్లిపోవుట సహజము. కాని ధమని మూసుకొనిపోయినను కుక్క ఊపిరితిత్తి పెక్కు పర్యాయములు చావలేదు. ఏలయన, ఊపిరితిత్తులకు రక్తము రెండు త్రోవల వచ్చును. పుపుస ధమని తెచ్చు రక్తము గాలిని అందుకొనుటకు వచ్చినది. ఊపిరితిత్తులను పోషించుటకు శ్వాసనాళ ధమనులు వేరుగా కలవు. కావున గడ్డ అడ్డుపడిన చోట రక్తము ఆగును గాని, ఆ భాగము బ్రతికియే యుండి, గాలిని పీల్చుచునే యుండును. ఈ సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. నూరేండ్ల తరువాత దీని యవసరము కలిగినది.

పిన్న వయస్కుడైన వైద్యుడు పెద్దల సిద్ధాంతములను త్రోసిపుచ్చుట బెర్లిను పండితులకు నచ్చలేదు. తన వ్రాతలకు ఇతరుల దయ మీద ఆధారపడనొల్లక, 1847లో మిత్రుడు రైన్‌హార్టుతో కలిసి విర్కో స్వంతముగా పత్రికను స్థాపించెను. మరణించువరకు, అనగా 55 ఏండ్లు, ఆ పత్రికకు ఆయనయే సంపాదకుడు. ఆ పత్రిక నేటికిని ఆయన పేరుతో వెలువడుచున్నది.

1848 ఆరంభమున ఎగువ సైలీషియాలో టైఫస్ జ్వరము చెలరేగి వేలకొలది జనులు చనిపోవుచుండిరి. ప్రష్యా ప్రభుత్వము విర్కోను అక్కడికి పంపెను. ఆయన మూడు వారములకు లోపుగానే అక్కడ నుండెను. కాని చూడవలసినదంతయు చూచెను. పంటలు పోయి, తిండి లేక, ఒక్క గదిలో పశువులతో కూడ పడియున్న పోలిషు పేదలను చూచెను. వారి భాషలో బడి లేదు. వారి గోడు వినువాడు లేడు. తిరిగి వచ్చి ప్రభుత్వమునకు సమర్పించిన నివేదికలో మందుల పట్టికను ఆశించినవారికి వేరు విషయములు కనబడెను. ఆ ప్రజలకు స్వపరిపాలన కావలెననియు, వారి భాషలో విద్య గరపవలెననియు, పన్నుల భారము పేదల నుండి ధనికులపైకి మార్పవలెననియు, రోడ్లు వేయవలెననియు ఆయన వ్రాసెను. జ్వరమునకు కారణము జ్వరములో గాక బ్రతుకులో వెదకెను. గడ్డకు మూలము ఊపిరితిత్తిలో గాక కాలిలో వెదకినవానికి ఇది సహజమే.

బెర్లిను చేరిన కొలది దినములకే, 1848 మార్చిలో, విప్లవము వచ్చెను. విర్కో వీధులలో అడ్డుకట్టలు కట్టినవారితో చేరెను. ప్రభుత్వము ఊరకుండునా? 1849లో ఆయన ఉద్యోగమునకు ముప్పు వచ్చెను. అంతట ఆయన బవేరియాలోని వుర్త్స్‌బుర్గ్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా చేరెను. అచ్చట గడపిన ఏడు సంవత్సరములు ప్రశాంతమైనవి. 1850లో రోసా మేయరును వివాహమాడెను. వారికి ఆరుగురు సంతానము. 1856లో బెర్లిను ఆయనను మరల పిలిచి, ఆయన కొరకై క్రొత్త పరిశోధనశాలను కట్టించి యిచ్చెను. ఆ సంవత్సరమే గడ్డలను గూర్చిన వ్యాసములన్నియు ఒక గ్రంథముగా వెలువడెను.

1858లో ప్రకటింపబడిన కణరోగశాస్త్ర గ్రంథము ఆయన కీర్తిని దేశదేశములకు వ్యాపింపజేసెను. ప్రతి కణమును మరియొక కణము నుండియే పుట్టునని బడిపిల్లలును నేడు చదువుకొందురు. ఆ మాట ఆయన పేరుతో ప్రసిద్ధమైనను, రెమాక్ అను యూదు శాస్త్రజ్ఞుడు అంతకు ముందే ఆ విషయమును కనుగొనెను. విర్కో అతనికి తగిన గౌరవము నొసగలేదు. ఇది ఆయన చరిత్రలో చెప్పక తప్పని లోపము. లోపములు మరికొన్ని కలవు. చేతులు శుభ్రముగా కడుగుకొన్నచో బాలింత జ్వరము రాదని చెప్పిన సెమ్మెల్వైస్ మాటను ఆయన అంగీకరింపలేదు. రోగములకు సూక్ష్మజీవులు కారణమనుటలో చిరకాలము సందేహించెను. నియాండర్ లోయలో దొరికిన ప్రాచీన మానవుని ఎముకలను వ్యాధితో వంకరపోయిన నేటి మనుజుని ఎముకలని చెప్పెను. అంత కన్నుగలవానికి అవి కనబడకపోవుట ఆశ్చర్యము.

1859లో ఆయన బెర్లిను పురపాలక సభకును, 1861లో ప్రష్యా శాసనసభకును ఎన్నికయ్యెను. ప్రధానమంత్రి బిస్మార్క్ సైన్యమునకు, నౌకలకు ధనము కుమ్మరించుచుండగా ఆయన గట్టిగా ఎదిరించెను. 1865లో బిస్మార్క్ కోపించి ద్వంద్వయుద్ధమునకు పిలిచెను. విర్కో పోలేదు. విషపు సాసేజిని ఆయుధముగా ఎంచుకొనెనని ప్రచారములోనున్న కథ నమ్మదగినది కాదు. పంది మాంసములోని పురుగులను గూర్చి ఆయన పరిశోధించి, మాంసపరీక్ష నిర్బంధము చేయించుటకు పాటుపడిన మాట నిజము. కథ అందుండి పుట్టియుండును. బెర్లిను వీధులలో పారుచుండిన మురుగును భూమి లోపలి గొట్టముల ద్వారా ఊరి వెలుపలి పొలములకు పంపు ఏర్పాటు ఆయన పట్టుదల వలననే జరిగెను. ఆ నిర్మాణము 1873లో మొదలయ్యెను.

1902 జనవరి 4వ తేదీన, 80 ఏండ్ల విర్కో కదలుచున్న ట్రాము బండి నుండి దిగబోయి పడిపోయెను. తొడయెముక విరిగెను. నెలల తరబడి మంచమున నుండి, కొంత కోలుకొనియు, మరల క్షీణించి, సెప్టెంబరు 5వ తేదీన మరణించెను. గుండె బలహీనపడుట వలన మరణము సంభవించెనని చరిత్రకారులు వ్రాసిరి. బెర్లిను పురజనులు వేలకొలది అంత్యక్రియలకు వచ్చిరి.

ఆయన పోవునాటికి ఎంబాలిజము వైద్యులందరికిని తెలిసిన వ్యాధియే. కాని తెలిసియు ఏమి ప్రయోజనము? శవములో కనబడునది జీవించియున్నవానిలో కనబడదు. వుర్త్స్‌బుర్గ్‌లోనే 1895లో రాంట్‌జెన్ కనుగొనిన ఎక్స్ కిరణములతో చిత్రము తీసినను, గడ్డ కనబడదు. రోగి ఊపిరితిత్తులు పెక్కుసారులు ఆరోగ్యవంతుని వానివలెనే యుండును. 1908లో ట్రెండెలెన్‌బుర్గ్ అను శస్త్రవైద్యుడు రొమ్ము కోసి గడ్డను తీయు పద్ధతిని కల్పించెను. ఆ శస్త్రచికిత్స తరువాత రోగి బ్రతుకుట 1924లో గాని జరుగలేదు. రక్తము గడ్డకట్టకుండ చేయు మందులు వచ్చిన తరువాత 1960లో ఇంగ్లండులో జరిగిన పరీక్షలో, ఆ మందు పుచ్చుకొన్నవారు బ్రతికిరనియు, పుచ్చుకొననివారిలో పలువురు మరణించిరనియు తేలెను. ఇక రోగమును గుర్తించుట అత్యవసరమయ్యెను. రోగము లేనివానికి ఆ మందిచ్చినచో రక్తస్రావమై ప్రాణమునకే ముప్పు. ఉన్నవానికి ఇవ్వకున్నను ముప్పే.

అప్పుడు అమెరికాలోని బాల్టిమోరు నగరమున జాన్స్ హాప్‌కిన్స్ ఆస్పత్రిలో వాగ్నర్ అను వైద్యుడును, ఆయన సహచరులును 1964లో ఒక పద్ధతిని ప్రకటించిరి. దాని మూలము విర్కో కుక్కకు చేసిన ప్రయోగములోనే యున్నది. సిరలో వేసిన వస్తువు ఊపిరితిత్తులను చేరి అక్కడ చిక్కుకొనును గదా! అయితే రబ్బరు ముక్కకు బదులుగా రక్తములోని ఆల్బుమిన్ అను మాంసకృత్తును కంటికి కనబడని నలుసులుగా చేసి, వానికి రేడియోధార్మిక పదార్థమును అంటించి, రోగి చేతి సిరలోనికి సూదితో ఎక్కింతురు. ఒక్కొక్క నలుసు మిల్లీమీటరులో నూరవ వంతు మొదలు పదవ వంతునకు లోపు ఉండును. ఊపిరితిత్తులలోని కేశనాళికలు అంతకంటెను సన్నము. కావున నలుసులు అచ్చట ఆగును. రెండు లక్షలు మొదలు ఏడు లక్షల వరకు నలుసులు ఎక్కించినను, ఊపిరితిత్తుల నాళములు కోట్లకొలది యుండుట వలన, వేయింట ఏ ఒకటి రెండో మూసుకొనును. రోగికి బాధ లేదు. కొన్ని గంటలలో నలుసులు కరగిపోవును. మొదట రేడియోధార్మిక అయొడిను వాడిరి. తరువాత టెక్నీషియం వచ్చినది. దాని శక్తి ఆరు గంటలకు సగమగును. దాని నుండి వెలువడు గామా కిరణములను ఒక కెమెరా పట్టి చిత్రముగా చూపును. రక్తము పారుచున్న చోటనెల్ల నలుసులుండును, చిత్రము నిండుగా నుండును. గడ్డ అడ్డుపడిన ధమని క్రిందికి నలుసులు పోలేవు. అచ్చట ఖాళీ కనబడును.

ఖాళీ కనబడినంత మాత్రమున గడ్డయే అని చెప్ప వీలులేదు. న్యుమోనియాలోను, ఉబ్బసములోను కూడ ఊపిరితిత్తిలో రక్తము తగ్గును. గాలి పోని చోటికి శరీరము రక్తమును పంపుట తగ్గించును. అందుచేత రెండవ చిత్రము కావలసి వచ్చెను. రోగి జినాన్ అను రేడియోధార్మిక వాయువును గాని, టెక్నీషియం కలిపిన సన్నని మంచువంటి ద్రవమును గాని పీల్చును. జినాన్‌ను పీల్పించి ఊపిరితిత్తులను పరీక్షించు పద్ధతి 1955లోనే జర్మనీలోని కొలోన్ నగరమున క్నిపింగ్ అను వైద్యుడు ప్రారంభించినది. గాలి ఏ వాయుగోణులకు అందుచున్నదో ఈ చిత్రము చూపును. ఇప్పుడు రెండు చిత్రములను ప్రక్క ప్రక్కన పెట్టి చూడవలెను. గాలియు రక్తమును రెండును లేని చోట ఊపిరితిత్తియే చెడినది. గాలి నిండుగా నుండి రక్తము మాత్రము లేని చోట దారి మూసుకొన్నది రక్తనాళములో. రక్తము ఆగినను ఊపిరితిత్తి చావక గాలి పీల్చుచుండునని విర్కో కుక్కలో గమనించిన సంగతియే ఈ పరీక్షకు ఆధారము.

పరీక్షకు హద్దులు లేకపోలేదు. 1990లో ప్రకటింపబడిన అమెరికా పరిశోధనలో, చిత్రము పూర్తిగా సరిగా నుండినచో గడ్డ లేదని ధైర్యముగా చెప్పవచ్చుననియు, పెద్ద పెద్ద ఖాళీలున్నచో గడ్డ యున్నదని చాలవరకు నమ్మవచ్చుననియు తేలెను గాని, అధిక సంఖ్యాకుల చిత్రములు ఆ రెండింటి నడుమ సందిగ్ధముగా నుండెను. అటుపిమ్మట కంప్యూటరు సాయముతో తీయు సీటీ చిత్రములలో గడ్డయే కనబడుట చేత, పెక్కు ఆస్పత్రులలో దానినే ముందుగా చేయుచున్నారు. అయినను సీటీకి నాళములలోనికి ఒక ప్రత్యేకమైన మందు ఎక్కింపవలెను. మూత్రపిండములు చెడినవారికిని, ఆ మందు పడనివారికిని, ఊపిరితిత్తుల చిత్రము ఎక్స్ కిరణములలో చక్కగా నున్న గర్భిణులకును గాలి, రక్తముల పరీక్షను చేయుదురు. గర్భిణి కైనచో నలుసుల మోతాదును సగమునకు తగ్గింతురు. రక్తపు చిత్రము చక్కగా నున్నచో గాలి చిత్రము తీయకయే విడిచి పెట్టుదురు.

మొదటి గడ్డ వచ్చి కొన్ని నెలలు చికిత్స జరిగినను ఆయాసము తీరనివారు కొందరుందురు. వారి ఊపిరితిత్తులలో పాత గడ్డ కరగక, మచ్చవలె గట్టిపడి నాళమునకు అంటుకొని యుండును. అది యున్నదో లేదో తేల్చుకొనుటకు వైద్యులు నేటికిని ముందుగా తీయించునవి ఆ రెండు చిత్రములే.